ఆడియో ఒక్కసారే వినిపించబడును

కిందటి నెల మొదటి సోమవారం నాడు మండపేటలో ఆశీర్వాదం మాస్టారి ఇంటి గేటుకు ఒక బోర్డు వెలిసింది. "ఇచ్చట లిజనింగ్ జరుగుచున్నది. ఎవరునూ మాట్లాడరాదు. ఇట్లు, గృహ యజమాని." మాస్టారు ఇంకా మేకులు కొడుతూ ఉండగానే ఆయన భార్య సంపూర్ణమ్మ గారు వీధిగుమ్మంలోకి వచ్చి, "ఏమండీ, వారం నుంచీ నా ఎడమ చెవిలో ఒకటే హోరండీ. ఓసారి డాక్టరు గారికి చూపించుకుందామా?" అన్నారు. మాస్టారు సుత్తి ఎత్తి బోర్డు వైపు చూపించారు. ఆవిడ చదువుకుని లోపలికి వెళ్ళిపోయారు. బోర్డు అప్పుడే పని చేస్తోందని మాస్టారికి మహా సంతోషం కలిగింది. ఆ రోజంతా గేటు దగ్గరే నిలబడి, దారిన పోయే ప్రతివారినీ ఆపి, బోర్డు పైకి చదివి, భావం కూడా వివరించారు.

ఇంతకీ లోపల లిజనింగ్ చేస్తున్నది వారి ఏకైక పుత్రిక ఆశాజ్యోతి. రాజమహేంద్రవరంలో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఐర్లండులో ఓ ఆస్పత్రి వారు ఆమెకు ఉద్యోగం ఖాయం చేసి, ఇంగ్లీషు పరీక్షలో అన్ని విభాగాల్లోనూ తొమ్మిదికి ఏడు తెచ్చుకోమన్నారు. చదవడంలో, రాయడంలో, మాట్లాడడంలో ఆమెకు ఎప్పుడూ ఏడుకు తగ్గలేదు. వినడంలో మాత్రం రెండుసార్లూ ఆరే. మూడో పరీక్షకు నెల గడువుంది. అదీ పోతే ఉద్యోగం ఇంకొకరిది.

నిష్పక్షపాతంగా చూస్తే తప్పు అమ్మాయిది కాదు, ఆడియోది. దాన్ని ఒక్కసారే వినిపిస్తారు. మన గోదావరి జిల్లాల్లో ఒక్కసారి చెప్పింది చెప్పినట్టు కాదని ఆ ఆడియో చేసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక్కడ కాఫీ తాగుతారా అంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి "ఇప్పుడే తాగొచ్చామండి" అనాలి. మూడోసారికి గ్లాసు అందుకోవాలి. మొదటి రెండూ గొంతు సవరించుకోవడం కింద లెక్క. ఈ మర్యాదల్లో పెరిగిన పిల్ల గనుక, పరీక్షహాల్లో ఆడియోలోని దొర మొదటిసారి చెప్పినప్పుడు చిన్నగా నవ్వి ఊరుకుంది. రెండోసారికి రాసుకుందామని పెన్సిలు పట్టుకుంది. ఆ పెద్దమనిషి రెండోసారి చెప్పనే లేదు.

అందుచేత ఆమెను రాజమహేంద్రవరంలో ఉదయ్‌భాస్కర్ గారి కోచింగు సెంటరులో చేర్పించారు. ఉదయ్‌భాస్కర్ గారు లిజనింగులో అఖండులు. "చూడండమ్మా, చెవి దేవుడిచ్చాడు. లిజనింగ్ నేనిస్తాను!" అని ప్రారంభించి, గంట క్లాసులో యాభై అయిదు నిమిషాలు వినడం గురించి ఆయనే మాట్లాడేవారు. మిగిలిన అయిదు నిమిషాల్లో ఆడియో పెట్టబోయేసరికి తర్వాతి బ్యాచి వచ్చేసేది. విద్యార్థి ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు చెప్పగలగడం ఆయన ప్రత్యేకత. అడగబోయింది అది కాదండి అని ఎవరైనా అంటే, దానికీ మధ్యలోనే జవాబు చెప్పేవారు.

ఇలా లాభం లేదని మాస్టారు ఇంట్లోనే ఒక శాసనం చేశారు. ఇకమీదట ఆ ఇంట్లో ఏ మాటైనా ఒక్కసారే చెప్పబడును. విన్నవారు విన్నట్టు, విననివారు విననట్టు. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి, ప్రతి వాక్యాన్నీ మూడుసార్లు చెప్పి నాలుగోసారి రాయించిన మనిషి, ఇంత త్యాగానికి సిద్ధపడ్డారంటే తండ్రి మనసు ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

శాసనానికి మొదట బలైంది పక్కింటి తాతాజీ గారు. రైసు మిల్లు మేనేజరు, మర్యాదస్తుడు. మాస్టారు "కాఫీ తీసుకుంటారా?" అన్నారు. "అబ్బే, ఇప్పుడెందుకండి" అన్నారాయన. మాస్టారు సరేనని పేపరు తీసుకున్నారు. తాతాజీ గారు రెండో పిలుపు కోసం ముప్పావుగంట కూర్చున్నారు. వాతావరణం గురించి మాట్లాడారు, మధ్యమధ్య వంటింటి వైపు చూశారు. లోపలి నుంచి డికాషన్ వాసన వస్తూనే ఉంది. చివరికి లేచి, "వస్తానండి మరి" అన్నారు. ఆ మాటకూ ఎవరూ ఆగమనలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, అడిగి కూడా పెట్టకపోవడం ఆయన మిల్లు జీవితంలో ఎన్నడూ చూడలేదు.

చేపల చిట్టెమ్మకు కూడా శాసనం వర్తించింది. ఆ వీధిలో ఒక్క కేకే వెయ్యాలన్నారు మాస్టారు. "ఒక్క కేకకి బయటికొచ్చే ఆడోళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారండి మాస్టారూ? మూడో కేకకి గానీ గిన్నె ఎతకరండి, ఆయ్!" అంది చిట్టెమ్మ. అయినా పరీక్ష రాసే పిల్ల మీద గౌరవంతో ఒక్క కేకే వేసింది. ఆ నెల వీధి మొత్తం పప్పుచారుతో గడిపింది.

ఇక రోజూ సాయంత్రం మాస్టారే దొర అయ్యేవారు. దొరలు ముక్కుతో మాట్లాడతారని ఆయన దృఢ విశ్వాసం గనుక, రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుని ఇంగ్లీషు పాఠాలు చదివేవారు. ఆశాజ్యోతి రాసుకునేది. నిజం చెప్పాలంటే అమ్మాయి కష్టపడింది. మొదటిసారికే చెవి నిలపడం అలవాటు చేసుకుంది. పది రోజుల్లో వీధిలో ఎవరు ఏమన్నా ఆమె చెవిన పడకుండా పోయేది కాదు.

ఇంట్లో క్రమశిక్షణకు మాస్టారు సంపూర్ణమ్మ గారినే ఉదాహరణగా చూపించేవారు. "మీ అమ్మను చూసి నేర్చుకో. పక్కన నిలబడి పిలిచినా పలకదు. ఒక్కో పూట ఉప్పు అడిగితే ఊరగాయ తెస్తుంది గానీ నోరెత్తి మళ్ళీ అడగదు. ఏకాగ్రత అంటే అదీ!" సంపూర్ణమ్మ గారు ఆ పొగడ్త కూడా సగమే విన్నారు.

పరీక్ష అయింది. లిజనింగులో ఎనిమిది వచ్చింది. మాస్టారు గేటు దగ్గర నిలబడి ఆ సంగతి ఒక్కొక్కరికి మూడేసిసార్లు చెప్పారు. శాసనం రద్దయింది.

ఆదివారం సాయంత్రం చర్చి ఆవరణలో అభినందన సభ. "వినడం, నేటి సమాజం" అనే అంశం మీద ఆరుగురు పెద్దలు మాట్లాడారు. ఒకరు మాట్లాడుతున్నప్పుడు మిగిలిన అయిదుగురూ తమలో తాము మాట్లాడుకున్నారు. ఉదయ్‌భాస్కర్ గారు ప్రత్యేకంగా వచ్చి, "ఈ చెవులు నా చెవులే!" అని ప్రకటించారు. సభికులు పులిహోర పొట్లాల వైపు చెవులప్పగించి కూర్చున్నారు. అధ్యక్షుడు తాతాజీ గారు పక్కనున్న సంపూర్ణమ్మ గారి వైపు వంగి, "రెండు ముక్కలు మాట్లాడతారా అండి?" అని మర్యాద ప్రకారం మూడుసార్లూ అడిగారు. ఆవిడ మూడుసార్లూ పలకలేదు. తల్లికి ఆనందంతో నోట మాట రావడం లేదని ఆయన మైకులో తెలియజేశారు.

అప్పుడు ఆశాజ్యోతి లేచి మైకు తీసుకుంది. "మా అమ్మకి చెవి సరిగ్గా వినపడట్లేదండి. నెల కిందటే చెప్పింది, నాన్న బోర్డు కొడుతున్నప్పుడు. గదిలోంచి నేను స్పష్టంగా విన్నాను. నేను నర్సుని కూడానండి. కానీ ఆన్సరు షీటులో ఆ ప్రశ్న లేదు కదా అని వదిలేశాను. నాకు సిగ్గుగా ఉందండి."

చప్పట్లు మారుమోగాయి. మంచి ముగింపు అన్నారు ఉదయ్‌భాస్కర్ గారు. మాస్టారు కూడా కొట్టారు. మూడో చప్పట దగ్గర ఆయన చేతులు ఆగిపోయాయి.

మర్నాడు ముగ్గురూ రాజమహేంద్రవరం వెళ్ళారు. "ఏ చెవండీ?" అన్నారు డాక్టరు గారు. తల్లీకూతుళ్ళు నోరు తెరిచేలోపు మాస్టారు బల్లగుద్ది చెప్పారు. డాక్టరు గారు ఆ చెవిలోకి పది నిమిషాలు లైటు వేసి చూసి, ఇంత శుభ్రమైన చెవి తన సర్వీసులో చూడలేదన్నారు. తర్వాత రెండోది చూశారు. శనగగింజంత గుబిలి బయటికి వచ్చింది. అంతే జబ్బు.

"ఇంతదానికి నెల రోజులు ఓర్చుకున్నారేంటమ్మా? ఇంట్లో చెప్పలేదా?" అన్నారు డాక్టరు గారు.

"చెప్పానండి" అన్నారు సంపూర్ణమ్మ గారు.

తిరుగు బస్సులో మాస్టారు చెవి ఆరోగ్యం మీద ఉపన్యాసం అందుకున్నారు. ప్రతి వాక్యమూ మూడేసిసార్లు. సంపూర్ణమ్మ గారు ద్వారపూడి దాకా ఓర్చుకుని, కూతురి వైపు తిరిగి, "ఆ గుబిలి డాక్టరు గారు పారేసుంటారంటావా?" అని అడిగారు.

చివరగా పాఠకులకు ఒక ప్రశ్న. సంపూర్ణమ్మ గారికి హోరు పెట్టింది ఏ చెవి? ఆవిడ మొదట్లోనే చెప్పారు, నిబంధనల ప్రకారం ఒక్కసారే చెప్పారు. టక్కున చెప్పగలిగినవారికి ఎనిమిది. పేజీ వెనక్కి తిప్పుతున్నవారికి మనవి: మాస్టారి బోర్డు ఇప్పుడు ఖాళీగానే ఉంది. పట్టుకెళ్ళి మీ గేటుకు కొట్టుకోవచ్చు.