కదిలింది తవిటమ్మేనట!

చెయ్యి వణక్కుండా ఫోటో తీసేవాణ్ణి నమ్మకండి! వాడు మీ మేలు కోరేవాడు కాదు. డిజిటల్ కెమెరా కొన్న ఈ మూడేళ్ళలో నేను తీసిన ప్రతి ఫోటో మసకే. అందుకే హౌరా పక్కన ఈ సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో నాకు ఒక్క శత్రువూ లేడు.

మా మేనల్లుడు రఘురాంకి మాత్రం ఉన్నారు. సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం వాడికి. చేతి వణుకుని తనే సరిదిద్దుకునే కొత్త కెమెరా కొన్నాడు. మొన్న ఒక పెళ్ళిలో వాళ్ళ విజయ కుమారి పిన్నిని దాంతో తీశాడు. పౌడరు ఎక్కడ ఆగిపోయిందో, జుట్టుకి రంగు ఎక్కడ అందలేదో అన్నీ కనిపించాయి. పిన్ని వాడితో మాట్లాడటం మానేసింది. నేను తీసిన ఫోటోలో ఆవిడకి ముప్ఫై ఏళ్ళే! అసలు ఆవిడేనా అని అడగకండి, అది వేరే సంగతి.

ఫోటో చెదరకూడదంటే మోచేతులు డొక్కలకి ఆనించాలట! గోడకి జారబడాలట! ఊపిరి బిగబట్టి బటన్ మెల్లగా నొక్కాలట! ఏం, సూదిలో దారం ఎక్కిస్తున్నామా? నేనైతే ఊగే ఫెర్రీలో నిలబడి, ఒక చేత్తో ఝాల్‌ముడి మరమరాల పొట్లం పట్టుకుని, రెండో చేత్తో నొక్కుతాను. హౌరా బ్రిడ్జి రెండుగా పడింది. ఇంత ట్రాఫిక్ ఉన్న ఊరికి ఇంకో బ్రిడ్జి చేదా?

పైగా ముప్ఫై ఏళ్ళుగా ఈ ఎర్రజెండాల రాష్ట్రంలో వర్గభేదం లేని సమాజం వస్తుందని మైకుల్లో వింటూనే ఉన్నాం. వచ్చింది కదా, నా ఫోటోల్లో! అందులో మేనేజరెవరో, మూటలు మోసేవాడెవరో చెప్పండి చూద్దాం.

ఈ పద్ధతిని ఒక ఆఫీసు కూడా పాటిస్తోంది. పేరు చెప్పను. రేవు కూలీల కుటుంబాలకి మందుల కార్డులిచ్చే ఆఫీసది. షాలిమార్ దగ్గరుండే తవిటమ్మకి అక్కడే కార్డిచ్చారు. రేవులో పనిచేసే భర్త గవరయ్య చనిపోయాడు, ఆవిడకి సుగరు. కార్డు మీది ఫోటోలో రెండు ముక్కులు, అర చెవి. మందులిచ్చే కిటికీ దగ్గర మనిషి కార్డునీ ఆవిణ్ణీ మార్చి మార్చి చూసి, ఇది నువ్వు కాదు పొమ్మన్నాడు. ఇరవై రోజులుగా మందుల్లేవు. కాలి పుండు మానడం లేదు.

కార్డిచ్చిన ఆఫీసుకి నేను తోడు వెళ్ళాను. ఫోటోలు తీసే గుమాస్తా బాబుకి ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో టీ. నా శిష్యుడే అనుకున్నాను!

"మాషీమా నోడే గేఛేన్," అన్నాడు. పెద్దమ్మే కదిలిపోయిందట.

"నాను కదల్నేదు బాబూ! ఊపిరి కూడా తియ్యనేదు," అంది తవిటమ్మ.

నిజమే. ఫోటో అంటే స్టూడియోలో రెప్ప వెయ్యకుండా కొయ్యలా నిలబడ్డ తరం ఆవిడది.

కెమెరాని బల్ల మీద ఆనించి తియ్యండి దాదా అన్నాను. బల్ల మీద ఫైళ్ళున్నాయి, కుదరదన్నాడు. మళ్ళీ ఫోటో తియ్యాలంటే, తను కదలడం వల్లే మొదటిది చెడిందని తవిటమ్మ రాసివ్వాలట. ఆవిడకి రాయడం రాదు కాబట్టి నేనే రాశాను, మంచి బెంగాలీలో.

"ఏటి రాసినావు బాబూ?"

"నువ్వు కదిలావని."

"నాను కదల్నేదు గదా!"

"కదల్లేదు. కానీ కదిలానంటేనే మందులిస్తారు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నాకు సిగ్గేసింది. తర్వాత బొటనవేలు ఇంకులో అద్ది, కాగితం మీద ఆనించి తీసింది. ఒక్క గీత కూడా చెదరలేదు. బాబు ఆ కాగితాన్ని వెలుగులో పట్టుకుని చూసి, ఇంత స్పష్టమైన వేలిముద్ర ఈ ఆఫీసులో ఇంతవరకూ పడలేదని ఆవిణ్ణి మెచ్చుకున్నాడు.