ఓడ హారనుకు పన్ను

ఆ ఉదయం బెంగ్ సెంగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సా గైక్ చేపల బజారులో ఉండగానే కస్టమ్స్ గిడ్డంగికి వెళ్ళాలి. జపాను నుంచి వచ్చిన పెట్టె తెచ్చుకోవాలి. ఆమె ఇల్లు చేరేలోగా దాన్ని పెరట్లో టార్పాలిన్ కింద దాచేయాలి. ఆమెతో మాత్రం కళ్ళ పరీక్షకు వెళ్తున్నానని చెప్పాడు.

పెట్టెలో ఉన్నది పాత ఓడ హారను. మలేషియాలో బటర్‌వర్త్ రేవు నుంచి పెనాంగ్ దీవికి తిరిగిన 'పులావ్ సిరే' అనే ఫెర్రీ మీద తాళ్ళు కట్టడంలోనే బెంగ్ సెంగ్ ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఆ ఫెర్రీని ఆపేసి, విడగొట్టి, తుక్కు కింద అమ్మేశాక ఊరికి గొంతు పోయినట్టయిందని అతని దిగులు. ఇంటర్నెట్‌లో ఎవరో జపాను చేపల పడవ హారను అమ్ముతుంటే, పరాయిదైనా ఏదో ఒక చప్పుడు ఉంటుందిలే అని కొనేశాడు.

గిడ్డంగి కౌంటరులో రొహయాతి అనే అధికారిణి కాగితాలు చూసింది.

"అంకుల్, దీనికి అమ్మకం పన్ను కట్టాలి."

"ఇది సెకండ్ హ్యాండ్ అమ్మా. కొత్తగా ఉన్నప్పుడే ఎవరో కట్టుంటారు. ఒక కోడికి ఎన్నిసార్లు ఈకలు పీకుతారు?"

"పాతదైనా కొత్తదైనా బయటి దేశం నుంచి వస్తే కట్టాల్సిందే. ఓడ ఖర్చు కూడా కలిపి." ఆమె కాగితం తిప్పి చూసింది. "ఇందులో 'ఊదే వాద్యం, వాడినది' అని రాశారు. వాద్యమేనా?"

జపాను అమ్మకందారు ఏ యంత్రంతో అనువాదం చేయించాడో గాని, బెంగ్ సెంగ్‌కు ఆ మాటలో ఆశ కనబడింది. వాద్యాలకు పన్ను తక్కువేమో అనుకున్నాడు.

"వాద్యమేనమ్మా. చాలా మంచి వాద్యం."

ఆ మాటే కొంప ముంచింది. రొహయాతి పై అధికారి జుల్కర్నైన్ తమ శాఖ బ్యాండులో ట్రంపెట్ ఊదుతాడు. వాద్యమనగానే ఆయన టీ కప్పు వదిలేసి వచ్చాడు. పెట్టె తెరిస్తే, దళసరి పచ్చ రంగు పూసిన, మేకపిల్లంత ఇత్తడి గొట్టం బయటపడింది. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక ఉన్న చిన్న కన్నం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, బుగ్గలు పూరించి ఊదాడు. ముఖం కందగడ్డయింది. గొట్టం మాత్రం కుక్క నీళ్ళు తాగినంత చప్పుడు చేసి ఊరుకుంది.

"దీనికి ఎంత గాలి కావాలి అంకుల్?"

"కొంచెం ఎక్కువే, సార్."

"అంటే?"

"ఓడంత."

జుల్కర్నైన్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. రొహయాతి కలం మూత పెట్టింది.

"వివరం తప్పయితే పెట్టె ఇక్కడే ఆగిపోతుంది. ఇది అసలు ఏమిటో, పనిచేస్తుందో లేదో తేలాలి."

"గాలి నేనిప్పిస్తా," అన్నాడు వరసలో వెనక నిలబడ్డ మునియాండి. పక్కనున్న టైర్ల కొట్టు అతనిదే. తన పార్సెల్ సంగతి మరిచిపోయి వెళ్ళి, కంప్రెసర్ గొట్టం కిటికీలోంచి లోపలికి లాక్కొచ్చాడు. వరసలో ఉన్నవాళ్ళంతా చుట్టూ మూగారు. మునియాండి గొట్టాన్ని హారనుకు బిగిస్తుండగా బెంగ్ సెంగ్ ఫోను మోగింది.

"డాక్టరు పిలిచాడా?" అంది సా గైక్.

"ఇప్పుడే చుక్కలు వేస్తున్నారు. కదలొద్దన్నారు."

సరిగ్గా అప్పుడే మునియాండి మీట తిప్పాడు.

అది చప్పుడులా రాలేదు. ముందు కాళ్ళ కింద నేల వణికింది, తరవాత కడుపు వణికింది, ఆ తరవాతే చెవులకు అందింది. సముద్రమంత వెడల్పున్న గొంతు ఒకటి ఆ రేకుల గిడ్డంగిని నింపి, తలుపులు దాటి, రేవు మీదుగా నీళ్ళ మీదికి పోయింది. ఎవరూ చెవులు మూసుకోలేదు. మాట్లాడుతున్నవాళ్ళు మాట మధ్యలోనే ఆగిపోయారు. ఎదురుగా రేవు గేటు దగ్గర నిలబడ్డ మోటారు సైకిళ్ళవాళ్ళు, పడవేదీ లేకుండానే, పాత అలవాటు కొద్దీ ఒక్కసారిగా ఇంజన్లు స్టార్టు చేశారు. కాఫీ కొట్టులో ముసలివాళ్ళు కప్పులు పట్టుకునే లేచి నిలబడ్డారు.

చప్పుడు చివర చిన్నగా తడబడి ఆగింది.

ఆ తడబాటు వినగానే బెంగ్ సెంగ్ ఫోను జేబులో పడేశాడు. మునియాండి కొట్టు నుంచి గీకుడు కత్తి తెప్పించుకుని, హారను మీది పచ్చ రంగు గీకడం మొదలుపెట్టాడు.

ఆ చప్పుడు విని, పక్క వీధి చేపల బజారు నుంచి ఏప్రన్‌తోనే పరుగెత్తుకొచ్చిన సా గైక్ గుమ్మంలో ఆగిపోయింది. అక్కణ్ణుంచి ఆమెకు జనం వీపులు తప్ప ఏమీ కనబడటం లేదు.

"ఎవరండీ ఊదింది? అది సిరే గొంతు."

"ఇది జపాను పడవది ఆంటీ," అంది రొహయాతి.

"నాకు చెప్తావా అమ్మా? పెళ్ళికి ముందు ఆ తడబాటు వినే కదా నేను చేపల బుట్ట దించి జుట్టు సవరించుకునేదాన్ని."

పచ్చ రంగు పెళ్ళలుగా ఊడింది. కింద ఇత్తడి మీద చెక్కిన అక్షరాలు మెల్లగా తేలాయి: పులావ్ సిరే. జుల్కర్నైన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ హారను ఎక్కడ తుక్కుగా అమ్ముడుపోయి, ఎవరి పడవ మీద ఏ సముద్రాలు తిరిగి వచ్చిందో ఎవరికీ తెలియదు.

ముందుగా తేరుకున్నది రొహయాతి. ఆమె గొంతు తగ్గింది.

"అంకుల్, ఇది ఇక్కణ్ణుంచే వెళ్ళినట్టు కాగితాలేమైనా ఉంటే వేరే దారి చూడొచ్చు. లేకపోతే..."

"లేవమ్మా. రాసుకో, కడతాను," అన్నాడు, ఇందాక కోడి ఈకల గురించి వాదించిన మనిషి.

అతను పర్సు తీసేలోగా సా గైక్ ఏప్రన్ జేబులోంచి తడి నోట్లు తీసి, కౌంటరు మీద ఒక్కొక్కటే విడదీసి పరిచింది.

"నువ్వు జరుగు. చుక్కలు వేశారుగా, నోట్లు కనబడవు."

హారనును ఆమె చేపల బండిమీదే ఇంటికి తీసుకెళ్ళారు. దారిలో మునియాండి దగ్గర ఒక పాత కంప్రెసరుకు ఆమే బేరమాడింది.

ఆ సంగతి పక్కింటివాళ్ళకు మర్నాడు తెల్లవారుతుండగా తెలిసింది.