సర్వర్ బిగింపు మహోత్సవం

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల విద్యార్థి లోకానికీ, పెద్దలకూ తెలియజేయునది ఏమనగా, మా పఠన మందిరంలో కంప్యూటర్ సర్వర్ బిగింపు కార్యక్రమం పోయిన వేసవిలో మొదలై దిగ్విజయంగా కొనసాగుతోంది. ఒక పెట్టెను ఇంకో పెట్టెలో ఇంత శ్రద్ధగా బిగిస్తున్న సంస్థ నగరంలో మరొకటి లేదని మా నమ్మకం.

సర్వర్ అంటే పాత ప్రశ్నపత్రాలూ, నమూనా పరీక్షలూ దాచిపెట్టే పెద్ద కంప్యూటర్. దాన్ని నిలబెట్టే ఇనుప చట్రం పేరు ర్యాక్. అధ్యక్షులు సుందరరావు గారు ఆ ర్యాక్‌ను చదువుకునే హాలు నడిమధ్యన పెట్టించారు. మూలన పెడితే ఫోటోల్లో పడదు. దుమ్ము పడితే సర్వర్ పాడవుతుందనీ, విద్యార్థుల కాళ్లకు దుమ్ముంటుందనీ ఆలోచించి, బిగింపు పూర్తయ్యేదాకా హాలుకు తాళం కూడా వేయించారు.

స్వరూప అనే అమ్మాయి రోజూ వచ్చి ఆ తాళాన్ని చూసి వెళ్లేది. జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చి సర్కారు ఉద్యోగ పరీక్షకు చదువుతోంది. హాస్టల్ గదిలో ఒకరు పాఠం వల్లిస్తుంటే ఇంకొకరు ఫోన్లో ఇంటివాళ్లతో పోట్లాడుతుంటారు. ఈసారి ఉద్యోగం రాకపోతే మూటాముల్లె సర్దుకొని వచ్చేయమని తండ్రి కచ్చితంగా చెప్పేశాడు.

"సార్, పరీక్ష దగ్గరికొచ్చింది. హాలు ఎప్పుడు తెరుస్తరు?" అని అడిగిందొకసారి.

"ఇదంతా మీకోసమే కదమ్మా. కాస్త ఓపిక పట్టాలి" అన్నారు సుందరరావు గారు ఎంతో ఆప్యాయంగా.

నిజానికి మెకానిక్ శ్రీశైలం సర్వర్ తెచ్చిన రోజే దాన్ని ర్యాక్ పట్టాల మీదికి నెట్టి, నాలుగు మూలలా స్క్రూలు బిగించేశాడు. కార్యవర్గం నిర్ఘాంతపోయింది.

"ప్రారంభోత్సవం కాకుండా బిగించేశావేమిటయ్యా? ముందు విప్పు" అన్నారు అధ్యక్షులు.

"ఇప్పినా మల్ల బిగించుడే కద సార్?"

"బిగించడం నీ పని కాదు, ముఖ్య అతిథిది."

శ్రీశైలం విప్పేసి వెళ్లిపోయాడు. మంచి ముహూర్తాన మహోత్సవం జరిగింది. వెండి పళ్లెంలో పట్టుగుడ్డ, దాని మీద స్క్రూడ్రైవర్. స్క్రూలు నాలుగే, అతిథులు మాత్రం వేదిక పట్టనంత మంది. ఎవరినీ చిన్నబుచ్చడం మా సంప్రదాయం కాదు. కాబట్టి ఒకరు బిగించి, ఫోటో దిగి, శాలువా కప్పించుకోగానే, ఆ స్క్రూను విప్పి తర్వాతి వారికి అందించాం. ఇంకా పెద్దవారెవరైనా రావచ్చన్న ఆశతో చివరికి నాలుగూ విప్పే ఉంచాం. ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

"యువత ఈ ర్యాక్‌ను చూసి నేర్చుకోవాలి. ఎంత బరువు పెట్టినా నోరెత్తదు" అని ఆనాటి ముఖ్య అతిథి ఉపదేశించారు. సభ పులకించింది.

యువత నేర్చుకుంది. స్వరూప హాలు బయట మెట్ల మీద కూర్చుని చదివింది. ఎండకు ఒక పక్కకీ వానకు ఇంకో పక్కకీ జరిగింది. పరీక్ష రాసింది, ఉద్యోగం తెచ్చుకుంది. మరునాటికల్లా 'మా సర్వర్ సాధించిన విజయం' అంటూ ఆమె ఫోటోతో ఫ్లెక్సీ కట్టాం. అందులో అధ్యక్షుల ఫోటో కొంచెం పెద్దది.

హాల్లోనే పెట్టిన సన్మాన సభలో మైకిస్తే ఆ అమ్మాయి రెండు ముక్కలే మాట్లాడింది. "నేను మెట్ల మీద సదివిన సార్. లోపల ఒక్క దినం గూడ కూసోలే. నా ఎన్క వచ్చేటోళ్ల కోసమన్న హాలు తెరువుండ్రి."

సుందరరావు గారు కళ్లు తుడుచుకున్నారు. అక్కడికక్కడే తీర్మానం ప్రతిపాదించారు. మెట్ల మీద చదివితే ఉద్యోగం వస్తుందని రుజువైనందున, హాలును శాశ్వతంగా సర్వర్‌కే కేటాయించడమైనది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

చప్పట్లు కొట్టినవారిలో మీరూ ఉన్నారు. టిఫిన్ చేసి బయటికొస్తూ, మెట్ల నిండా పుస్తకాలు పరుచుకున్న పిల్లలను "దారికడ్డం ఏమిటమ్మా, కాస్త జరగండి" అన్నది కూడా మీరే.