ఆవు అంగీకార పత్రం

"ఆవును అడగకుండా ఆవు పాలు తాగే రోజులు పోయాయి" అని పశుసంక్షేమ శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం చారిత్రాత్మకంగా ప్రకటించారు. చారిత్రాత్మకంగా అన్న మాట నాది కాదు. ప్రకటనలోనే ఉంది, పెద్దక్షరాల్లో. చరిత్ర తీరిగ్గా వచ్చి చూసుకుని తేల్చేదాకా ఆగే ఓపిక మంత్రిగారికి లేదు గనక ముందే అచ్చు వేయించారు.

విషయం ఇది. ఒకటి రెండు ఆవులు పెట్టుకుని పాలమ్ముకు బతకడం న్యాయమా, అన్యాయమా? దీని మీద పాలవాళ్లకీ వీగన్లకీ బహిరంగ చర్చ. వీగన్లంటే పాలు, పెరుగు, తేనె, తోలు చెప్పులు, జంతువు నుంచి వచ్చేదేదీ ముట్టనివాళ్లు. పురపాలక సభాభవనంలో, శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకి. పాలపక్షం గెలిస్తే ఆవుల కొట్టానికి శాశ్వత పర్మిషను. ఓడితే కొట్టం ఖాళీ.

నేను మైకు సెట్టు వాణ్ణి. పదిహేడేళ్లుగా ఈ ఊళ్లో ఎవరు ఎవర్ని ఉద్ధరించినా నా తీగల్లోంచే ఉద్ధరించారు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పడానికి నాకు అర్హత ఉందనుకుంటాను.

పాలవాళ్లు అని బహువచనంలో వేశారు గానీ ఊళ్లో మిగిలిన పాలమనిషి ఒక్కతే. అందరూ పాలక్క అంటారు. ఆవిడ కొట్టం మంత్రిగారి పార్టీ ఆఫీసుకి సరిగ్గా వెనక. రెండు ఆవులు, ఒక పెయ్యదూడ. పేర్లు పెట్టే తీరిక లేక ఒకదాన్ని పెద్దది అంటుంది, ఇంకోదాన్ని చిన్నది అంటుంది. పార్టీలో సేవకులు పెరిగారు, సేవకుల కార్లు పెరిగాయి, స్థలం మాత్రం ప్రజల ఓపికలా సాగలేదు. అందుకని కొట్టం మీదికి బుల్డోజరు ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ వచ్చిన దారినే పోయింది. లోపల పశువు ఉండగా కొట్టాన్ని ముట్టుకోకూడదని నిబంధన ఉంది మరి. ఆ నిబంధన సాధించింది వీగన్లే. ఎక్కడో గోడ కూలి దూడ చచ్చిపోతే, ఐదుగురే ఐదుగురు, పదకొండు రోజులు ఎండలో రోడ్డు మీద కూర్చున్నారు. సంతకం పెట్టింది మన మంత్రిగారే. పెడుతున్నప్పుడు కళ్లు తుడుచుకున్నారు. ఫొటో ఉంది.

అప్పట్నుంచీ పాలక్క రెండిటినీ కలిపి బయటికి తోలదు. పెద్దది మేతకి పోతే చిన్నది కొట్టంలో ఉంటుంది. చిన్నది పోతే పెద్దది. "నా తాళంకప్ప నాలుగు కాళ్ల మీద నిలబడి నెమరేస్తుంది తమ్ముడూ" అనేది నాతో.

వీగన్ల నాయకురాలు మందుల షాపు అమ్మాయి. షాపు కొట్టానికి ఎదురుగానే. నాలుగేళ్లుగా ఈ ఇద్దరూ రోజూ చర్చించుకుంటూనే ఉన్నారు, వేదిక లేకుండా, అధ్యక్షుడు లేకుండా, ప్రశంసాపత్రం ఆశించకుండా. అంత తెలివితక్కువ మనుషులు. పాలక్క మోకాళ్ల నొప్పి మాత్రల కోసం వెళ్తుంది. ఆ అమ్మాయి మాత్రలిస్తూ, దూడ తాగాల్సిన పాలు అమ్ముకోవడం నీకు బాగుందా పెద్దమ్మా అని అడుగుతుంది. నువ్వమ్మే గొట్టం మాత్రల పైతొడుగు ఎముకల జిగురే కదా అమ్మాయ్, నువ్వే చెప్పావు, అని పాలక్క అంటుంది. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంటుంది. మర్నాడు మళ్లీ మొదలు. ఓసారి పాలక్కకి జ్వరమొస్తే కొట్టంలో పేడ ఎత్తింది ఆ అమ్మాయే. పాలు పితకను, అది నా నియమం, పేడకి నియమం లేదు అంది.

ఇలాంటి అస్తవ్యస్తమైన వ్యవహారాన్ని ఓ పద్ధతిలో పెట్టడానికి మంత్రిగారు తమ శాఖ అధికారిగారిని పంపారు. అధికారిగారు మంగళవారమే ఫారంతో దిగారు. 'ఆవు అంగీకార పత్రం', మూడు ప్రతులు. ఆవు పూర్తి పేరు, వృత్తి, విద్యార్హత, తండ్రి పేరు. తండ్రి పేరు దగ్గర పాలక్క కాసేపు ఆలోచించి, "సూదయ్యా. పశువుల డాక్టరు వేసిన సూది" అంది. అధికారిగారు 'శ్రీ సూది' అని రాసుకున్నారు. కింద ఒక ఖాళీ గీత వదిలారు: 'పై పశువు ఈ క్రింది స్థలమునందు, క్రింది విషయమునకు అంగీకరించినది.' స్థలమూ విషయమూ తరవాత నింపుకుంటామన్నారు. ఆవు కదా, ఏం తొందర.

శుక్రవారం పెద్దది కక్షిదారు, చిన్నదీ దూడా సాక్షులు, ముగ్గురూ రావాలన్నారు. ఐదు గంటలు పాలు పితికే వేళ, పొద్దున పెట్టుకోండి అంది పాలక్క. మంత్రిగారికి ఐదుకే వీలన్నారు. పోనీ చిన్నదాన్ని కొట్టంలో వదిలి వస్తానంది. ఒక్క తోక తక్కువైనా పాలపక్షం గైర్హాజరు కింద రాస్తానని అధికారిగారు చాలా మర్యాదగా చెప్పారు. మందుల షాపు అమ్మాయి వచ్చి, పశువుల్ని జనంలోకి లాగడమే హింస, మేం ఒప్పుకోం అంది. అధికారిగారు 'వీగన్ల అభ్యంతరం గౌరవపూర్వకంగా నమోదు చేయడమైనది' అని రాసి, ఆ కాగితాన్ని గౌరవపూర్వకంగా మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఒక్క పూటే కదా తమ్ముడూ" అంది పాలక్క నాతో. "గెలిస్తే ఇంక కాపలా పని ఉండదు. రెండిటినీ కలిపి ఓసారి మేతకి తోలాలని ఉంది."

శుక్రవారం పొద్దున నేను వ్యానులో స్పీకర్లు సర్దుకుంటుంటే అధికారిగారు ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన ఓ పలక తెచ్చి ఎక్కించారు. జ్ఞాపికట, పార్టీ ఆఫీసు దగ్గర దించి పొమ్మన్నారు. ఎత్తడానికి ఇద్దరం చాల్లేదు, మూడో మనిషి చెయ్యి వేశాడు. జ్ఞాపికలు ఈమధ్య బరువెక్కాయి, జ్ఞాపకశక్తే తగ్గింది అనుకుని దించి వచ్చాను.

ఐదింటికి సభాభవనం నిండింది. వేదిక మీద ఎర్ర తివాచీ, ఎడమపక్క కుర్చీల్లో ఐదుగురు వీగన్లు, కుడిపక్క ఒక పాలక్క, రెండు ఆవులు, ఒక దూడ. అంకెల్లో చూస్తే పాలపక్షం ఒకటి తక్కువ, కాళ్లలో చూస్తే నాలుగు ఎక్కువ. టీ దగ్గర కొంత సంక్షోభం వచ్చింది. పాలు పోస్తే ఒక పక్షం వైపు మొగ్గినట్టు, పొయ్యకపోతే రెండో పక్షం వైపు. అధికారిగారు రెండు రకాలూ కాయించారు. మంత్రిగారు ఆరున్నరకి వచ్చి తటస్థంగా రెండూ తాగారు.

తరవాత మాట్లాడారు. "నేను చిన్నప్పుడు పాలు తాగాను. ఆ నిజం దాచను. అలాగే పుట్టకముందు ఒక్క చుక్క తాగలేదు. కనుక రెండు పక్షాల బాధా నాకు తెలుసు" అన్నారు. ఇంత నిష్పక్షపాతం నా తీగల్లోంచి ఎన్నడూ పారలేదు. నలభై నిమిషాలు పారింది. ఈలోగా పెద్దది ఒకసారి అరిచింది. అరుపు మైకులో పడి భవనం అంతా దద్దరిల్లింది. ఆ సాయంత్రం విషయానికి సంబంధించిన మాట అప్పటికి అదొక్కటే.

అప్పుడు చర్చ మొదలైంది. ఆవు నోరు లేనిది, ఇష్టమో కాదో చెప్పలేదు, చెప్పలేని దాని దగ్గర తీసుకోవడం లాక్కోవడమే అంది మందుల షాపు అమ్మాయి.

పాలక్క లేచి నిలబడింది. మైకు ఎక్కడ పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకుంది. "ఇష్టం లేకపోతే అది చేపదమ్మా. పాలు పొదుగులోనే బిగబట్టేసుకుంటుంది. తెలిసిన చెయ్యి పడాలి, తెలిసిన చోటు కావాలి, అప్పుడే పాలు దిగుతాయి. అదే దాని మాట."

మంత్రిగారు ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. "చేపితే అంగీకారం. రాసుకోండి" అన్నారు. అధికారిగారు రాసుకున్నారు. అది శరీరం పనండీ, మనసు పని కాదు అని ఆ అమ్మాయి అంది. శరీరానికే కదా తల్లీ ఓటు హక్కు అన్నారు మంత్రిగారు. చప్పట్లు.

ఆ అమ్మాయి మంత్రిగారిని వదిలేసి పాలక్క వైపు తిరిగింది.

"పెద్దమ్మా, నాలుగు చన్నుల్లో ఒకటి దూడకి వదిలేస్తావు. నేను చూశాను. కాదనను. కానీ పోయిన ఏడు చిన్నది కోడెదూడని ఈనింది. అదేది?"

వెనక వరసల్లోవాళ్లు టీ గ్లాసులు కింద పెట్టారు. నా మైకు సెట్టు బరబర కూడా ఆగింది.

"అమ్మేశాను" అంది పాలక్క.

"ఎవరికి?"

"వచ్చినవాడికి. ఎక్కడికి తోలుకుపోతావని అడగలేదు." మైకు కాస్త దించింది. "అడిగితే చెప్తాడని."

ఆ అమ్మాయి రెండో ప్రశ్న కాగితం మీద రాసుకుని ఉంది. నేను పక్కనే ఉన్నాను, చూశాను. అడగలేదు. కాగితం మడిచేసింది. ఇది చర్చ నియమాలకి విరుద్ధం. ఒకరు నిజం చెప్పడం, ఇంకొకరు దాన్ని పట్టుకుని పొడవకపోవడం నేను పదిహేడేళ్లలో వేదిక మీద చూళ్లేదు. మంత్రిగారు కూడా చూసి ఉండరు, గడియారం చూసుకున్నారు.

అప్పటికి పెద్దది ఆగకుండా అరుస్తోంది. వేళ దాటి రెండు గంటలైంది. పొదుగు రాయిలా బిగిసింది, పాలు చుక్కలు చుక్కలుగా తివాచీ మీద పడుతున్నాయి. ముందు లేచింది మందుల షాపు అమ్మాయే. చర్చ ఆపండి, దానికి నొప్పి పుడుతోంది, ముందు పాలు పితకనివ్వండి అంది. వీగన్ నాయకురాలే పాలు పితకమని డిమాండ్ చేసిందని అధికారిగారు ఎర్ర సిరాతో రాసుకున్నారు.

మంత్రిగారు తానే పితుకుతానన్నారు. ఫొటోగ్రాఫర్లు మోకాళ్ల మీద కూర్చున్నారు. మంత్రిగారు కండువా సర్దుకుని, ఓటరు చెయ్యి పట్టుకున్నట్టు చన్ను పట్టుకుని నవ్వారు. పెద్దది వెనక్కి తిరిగి చూసింది. ఒక్క చుక్క దింపలేదు. అంతసేపూ కారిన చుక్కలు కూడా ఆగిపోయాయి. పొదుగు దగ్గర కూర్చున్నది ఎవరో దానికి తెలియదనుకుంటాను. తెలిసే అలా చేసిందంటే రాజద్రోహం అవుతుంది.

"అంగీకారం పెండింగు" అన్నారు మంత్రిగారు, చెయ్యి తుడుచుకుంటూ. ఆ మాటతోనే తీర్పు చెప్పారు. రెండు పక్షాలూ గెలిచాయి. ఇద్దరికీ ఒకేలాంటి ప్రశంసాపత్రాలు, 'ఏకైక విజేత' అని. పర్మిషను కాగితం ఏదని పాలక్క అడిగింది. గెలుపు పంచుకున్నారు గనక పర్మిషను కూడా పంచాలి, దానికి కమిటీ వేస్తామన్నారు. ఆ లోపల ఒక్క జీవికి కూడా హాని జరగనివ్వనని మంత్రిగారు మాటిచ్చి కారెక్కారు. అధికారిగారు అంతకుముందే ఎటో వెళ్లిపోయారు.

నేను వ్యాను మెల్లగా నడుపుకుంటూ వెనకాల వెళ్లాను. ముందు పాలక్క పెద్దదాని పలుపు పట్టుకుని, ఆ వెనక చిన్నదాన్ని పట్టుకుని మందుల షాపు అమ్మాయి, మధ్యలో దూడ. రెండు ఆవులూ కలిసి వీధిలో నడవడం నేను చూడ్డం అదే మొదలు. పాలక్క ఏదో అంటోంది, ఆ అమ్మాయి ఏదో అంటోంది. కోడెదూడ సంగతే అనుకుంటాను, గొంతులు తగ్గించి ఉన్నాయి.

మలుపు తిరిగాక పాలక్క ఆగింది.

కొట్టం లేదు. గోడ లేదు, రేకులు లేవు, గుంజలు లేవు. నేల చదునుగా తీర్చి, ముగ్గుపిండితో గళ్లు గీసి, గళ్లకి అంకెలు వేశారు. తొట్టి మాత్రం ఓ పక్కన బోర్లించి ఉంది, చిన్న గీత కూడా పడలేదు. పాల బకెట్టు దాని మీద పెట్టారు, కడిగి మరీ. ముందు ఇటుకల స్తంభం, దాని మీద పొద్దున నేను మోసిన పలక. ఆకుపచ్చ గుడ్డ ఊడి కింద పడి ఉంది. 'పార్టీ కార్యాలయ వాహనాల నిలుపు స్థలం' అని చెక్కారు, కింద పోయిన నెల తేదీ.

అధికారిగారు టార్చి లైటు పట్టుకుని అంకెలు సరిచూస్తున్నారు. మందుల షాపు అమ్మాయి పలుపు వదలకుండానే ఆయన మీదికి వెళ్లింది.

"పశువు ఉండగా ముట్టుకోకూడదని నిబంధన ఉంది."

"ఉందమ్మా. మీరు తెచ్చిందే, గొప్ప నిబంధన. ఒక్క పశువు లేదని మావాళ్లు మూడుసార్లు చూసుకున్నాకే మొదలెట్టారు" అన్నారు అధికారిగారు.

"ఇప్పుడుంది. ఇదిగో, మూడున్నాయి."

"ఇప్పుడు కొట్టం లేదు కదమ్మా."

పెద్దది అరుస్తోంది. పాలక్క దాన్ని నడిపించుకుంటూ వెళ్లి, రోజూ గుంజ ఉండే చోటికి, ఇప్పుడు ఒకటో నంబరు గడి అయిన చోటికి చేర్చింది. కట్టడానికి ఏమీ లేదు.

"పలుపు పట్టుకో అమ్మాయ్" అంది.

ఆ అమ్మాయి చిన్నదాన్ని నాకిచ్చి, పెద్దదాని పలుపు పట్టుకుంది. పాలక్క గొంతుక్కూర్చుని ముందు దూడని వదిలింది. తరవాత బకెట్టు పెట్టుకుని, పొదుగు నిమిరి, దానికి మాత్రమే వినపడేట్టు ఏదో అంది. మంత్రిగారి కారు వచ్చి గీత దగ్గర ఆగి హారన్ కొట్టింది. పాలక్క తల ఎత్తలేదు. పెద్దది నేల వాసన చూసింది. ఓసారి ఒళ్లు వదులు చేసింది.

పాలు చేపింది. బకెట్టులో ధార పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

అధికారిగారికి కూడా వినిపించింది. టార్చి లైటు చంకలో పెట్టుకుని, జేబులోంచి మూడు ప్రతుల ఫారం తీశారు. ఖాళీ గీత మీద స్థలం 'ఒకటో నంబరు గడి' అని నింపారు, విషయం 'వాహనాల నిలుపు' అని నింపారు. ముద్ర వేయించాలి, ఆవు కుడి ముందు గిట్ట కాస్త ఎత్తి పట్టుకుంటావా బాబూ అని నన్నడిగారు.