కొత్త గ్యాసూ అన్నయ్య ముందుజాగ్రత్తా

ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. పాలూ ఐస్‌క్రీమూ అమ్మే తమ దుకాణంలో చెల్లెలు బిగించిన కొత్త శీతల యంత్రాన్ని అన్నయ్య ఓసారి చూసి సరే అనాలి. కాదంటే మధ్యాహ్నం లారీ వచ్చి దాన్ని వెనక్కి తీసుకుపోతుంది.

చెల్లెలు చదివింది ఈ యంత్రాల చదువే. పాతదాంట్లో గ్యాసు ఏటా కారిపోయి భూమిని వేడెక్కించేది. కొత్తదాంట్లో ఉన్నది బొగ్గుపులుసు వాయువు. అంటుకోదు, చవక, కారినా పాతదాంతో పోలిస్తే దాని కీడు లెక్కలోకి రాదు. ఒత్తిడి మాత్రం విపరీతం. మూసిన గదిలో నిండితే ఊపిరాడదు. మంచీ చెడూ రెండూ ఆమే దాచకుండా చెప్పింది. అన్నయ్య చెడు ఒక్కటే విన్నాడు.

"సోడాల్లో కొట్టే గ్యాసు తెచ్చి నా కొట్లో బాంబు పెట్టావు."

"పెట్టాను. లారీ దాన్ని తీసుకుపోతే దాంతో పాటు నేనూ పోతాను. పాతదాన్ని నువ్వే బాగుచేసుకో" అని చెల్లెలు తలుపు రబ్బర్లు కొనడానికి బజారుకు వెళ్ళింది.

ఆమె వీధి దాటగానే అన్నయ్య ముందుజాగ్రత్తగా మెయిన్ స్విచ్ ఆపేశాడు. ఆగిన యంత్రంలో గ్యాసు నెమ్మదిగా వేడెక్కింది, ఒత్తిడి పెరిగింది, మేడ మీది గొట్టంలో సేఫ్టీ వాల్వు తెరుచుకుని బుస్సుమని తెల్లటి పొగ కక్కింది. అది చేయవలసిన పని అదే. అన్నయ్య మాత్రం నిప్పంటుకుందనుకుని గోడకున్న మంటలార్పే ఎర్ర సిలిండరు పీకి, యంత్రం గదిలో దూరి, ఖాళీ అయ్యేదాకా చిమ్మాడు. గదిలో బ్యాటరీతో నడిచే గ్యాసు అలారం మోగింది. అన్నయ్య "గ్యాసు లీకు" అంటూ వీధిలోకి పరుగెత్తాడు. కొనడానికి వచ్చినవాళ్ళు పాల ప్యాకెట్లతో సహా పరుగెత్తారు. పక్క కొట్లు మూతపడ్డాయి. ఎవరో ఫైరింజనును పిలిచారు.

చెల్లెలు వచ్చేసరికి అన్నయ్య గుంపు మధ్య నిలబడి, తాను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానని కనబడినవాళ్ళందరికీ మొదట్నుంచీ చెబుతున్నాడు. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏడుపు మింగేసి కోపం ఉంచుకుంది.

"లారీని పిలువు, వద్దనను. ముందు నా యంత్రం ఎక్కడ కారిందో చూపించు."

ముఖానికి ముసుగు తగిలించుకుని లోపలికెళ్ళిన ఫైరాఫీసరు, కాసేపటికి ఖాళీ సిలిండరు పట్టుకుని బయటికొచ్చాడు. యంత్రం ఎక్కడా కారలేదట. గదిలో నిండింది ఈ సిలిండరులోదేనట. ఇందులో ఉండేదీ బొగ్గుపులుసు వాయువేనట. ఎవరు వాడారని అడిగితే వీధంతా అన్నయ్యను చూసింది.

గదికి గాలి తగిలాక, అంతదాకా గుంపులో నిలబడి చూస్తున్న వదిన తన చేత్తోనే మెయిన్ స్విచ్ వేసి, లారీవాడికి రావద్దని ఫోన్ చేసింది. అన్నయ్యను అడగలేదు.

యంత్రం ఉండవచ్చుననీ, అన్నయ్య మాత్రం ఆ గదిలోకి వెళ్ళకూడదనీ చెప్పి ఫైరాఫీసరు బండెక్కాడు.