షవర్ ఆర్మ్ ఇన్‌చార్జి

ప్లంబరు సుభానీ "ఐదు నిమిషాలు బొటనవేలితో నొక్కి పట్టుకోండి సార్, ఇట్టే వస్తా" అని చెప్పి వెళ్ళిన దగ్గర్నుంచి, మైలురాళ్ళ సంరక్షణ శాఖ సీనియర్ అసిస్టెంటు నాగమల్లేశ్వరరావు తన క్వార్టర్ బాత్‌రూములో గోడకన్నం మీద బొటనవేలు పెట్టి నాలుగేళ్ళ రెండు నెలలుగా నిలబడి ఉన్నాడు. ఈ విషయంలో శాఖకు ఎటువంటి అభ్యంతరమూ లేదు.

సుభానీని తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు. గోడలోంచి వంగి బయటికొచ్చి షవర్ తలను మోసే గొట్టాన్ని షవర్ ఆర్మ్ అంటారు. అది తుప్పు పట్టి కారుతుంటే అతను పానా వేసి తిప్పాడు. సగం చేతికొచ్చింది. మరలున్న సగం గోడలోనే విరిగి ఉండిపోయింది. కొత్తది బజారులో ఏ కొట్టుకెళ్ళినా దొరుకుతుంది గానీ, ప్రభుత్వ క్వార్టరుకు మాత్రం స్టోర్సు నుంచే రావాలి. పాతది అప్పగిస్తేనే స్టోర్సు వాళ్ళు కొత్తది ఇస్తారు. సుభానీ తన దగ్గరున్న సగం పట్టుకెళ్ళాడు. మిగతా సగం కూడా తెమ్మన్నారు. గోడ పగలగొట్టడానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టాడు. అది రాకముందే అతని కాంట్రాక్టు ముగిసింది.

సుభానీ వెళ్ళిన ఆ రోజు ఆదివారం. మల్లేశ్వరరావు కూతురు మోక్షితకు అప్పుడు ఏడేళ్ళు. కొత్త సైకిలు వాకిట్లో పెట్టుకుని నాన్న కోసం కాచుకుని ఉంది. సీటు వెనక పట్టుకుని నేర్పిస్తానని ఆయన వారం రోజులుగా చెబుతున్నాడు. పాప బాత్‌రూము గుమ్మం దగ్గరకొచ్చి తొంగి చూసింది.

"ఐదు నిమిషాలు తల్లీ. సుభానీ రాగానే వచ్చేస్తా."

"మధ్యలో వదిలెయ్యవుగా నాన్నా?"

"చచ్చినా వదలను."

మల్లేశ్వరరావు మాట తప్పే మనిషి కాదు. అతని చిక్కంతా అదే.

మొదటి వారం భార్య ఝాన్సీ బాగానే కేకలేసింది. "ఆ వేలు తీస్తారా తియ్యరా? ఎవరన్నా వింటే నవ్విపోతారు!" అంది. "తీస్తే నీళ్ళు ఎగజిమ్ముతాయి. డాబా మీద ట్యాంకు మొత్తం ఖాళీ అవుద్ది. కింద పోర్షనోళ్ళకి సమాధానం నువ్వు చెప్తావా?" అన్నాడు మల్లేశ్వరరావు. కింద పోర్షన్ వాళ్ళ నోరు ఎలాంటిదో తెలిసిన ఝాన్సీ కేకలు మానేసింది. బకెట్టు నింపుకునే కుళాయి మునిసిపాలిటీ లైనుది కాబట్టి స్నానాలకు ఇబ్బంది రాలేదు. ఆయనకూ కుళాయికీ మధ్య పాత దుప్పటొకటి తెరగా కట్టింది. పూటకింత ముద్దలు కలిపి నోటికి అందించేది. నిద్ర గోడకి ఆనుకునే పట్టేది.

ఇరవయ్యో రోజున సూపరింటెండెంటు విజయకుమారి గారు విచారణకు వచ్చారు. ఆవిడ మంచి మనిషి, చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చారు.

"సెలవు పెట్టకుండా ఎక్కడికెళ్ళారండీ?" అని అడిగారు.

"ఎక్కడికీ వెళ్ళలేదండీ. ఇక్కడే ఉన్నాను."

దీన్నే ఆవిడ ఆయన సంజాయిషీగా రాసుకున్నారు. ఆ నెలాఖరుకు ఉత్తర్వు వచ్చింది. కొత్త షవర్ ఆర్మ్ విధుల్లో చేరేవరకు నాగమల్లేశ్వరరావు ఆ బాధ్యతల్లో ఇన్‌చార్జిగా కొనసాగుతాడు. శాఖలో అప్పటికే పదకొండు పోస్టులు ఇన్‌చార్జిల చేతుల్లో ఉన్నాయి కనుక ఇది పన్నెండోది అయింది తప్ప ఎవరికీ వింతగా తోచలేదు.

హాజరు దగ్గర చిన్న పేచీ వచ్చింది. శాఖలో అందరూ రోజుకు రెండుసార్లు యంత్రం మీద కుడి బొటనవేలు పెట్టాలి. మల్లేశ్వరరావు కుడి బొటనవేలు గోడ మీద ఉంది. ఎడమది పనికిరాదన్నారు. రెండు నెలలు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాక, సదరు గోడకన్నాన్నే హాజరు యంత్రంగా గుర్తిస్తున్నట్టు తెలియజేశారు. దాంతో మల్లేశ్వరరావుకు రోజుకు ఇరవైనాలుగు గంటల హాజరు పడింది. జిల్లా మొత్తం మీద ఇంత క్రమశిక్షణ గల ఉద్యోగి లేడని కలెక్టరాఫీసు సమావేశంలో ఎవరో అన్నారట కూడా.

రెండో ఏట ఆయన ఒక గంట పర్మిషన్ అడుగుతూ అర్జీ పెట్టుకున్నాడు. కారణం అన్న చోట 'కూతురి సైకిలు పట్టుకొనుటకై' అని రాశాడు, ఎడమ చేత్తో. ప్రత్యామ్నాయ బొటనవేలు చూపించమన్నారు. ఝాన్సీ తన వేలు పెడతానంది గానీ ఆవిడ శాఖ ఉద్యోగి కాదు. చివరికి సైకిలునే బాత్‌రూములోకి తెచ్చుకోవడానికి అభ్యంతరం లేదని జవాబొచ్చింది.

తెచ్చుకున్నారు. మల్లేశ్వరరావు కుడిచెయ్యి గోడ మీదే ఉంచి ఎడమచేత్తో సీటు పట్టుకున్నాడు. మోక్షిత ఎక్కి కూర్చుంది. బాత్‌రూము పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు. పెడలు ఒకటిన్నర చుట్టు తిరిగేసరికి ముందు చక్రం బకెట్టుకు తగిలింది. వెనక్కి లాగి మళ్ళీ తొక్కితే మళ్ళీ బకెట్టే. పాప దిగి, "పోన్లే నాన్నా, నువ్వు బయటికొచ్చాకే నేర్చుకుందాం" అంది. ఆవేళ మల్లేశ్వరరావుకు నిజంగానే ఏడుపొచ్చింది. తుడుచుకోవడానికి ఒక చెయ్యి ఖాళీగానే ఉంది కదా, తుడుచుకున్నాడు.

మూడో ఏడు పూర్తవుతుండగా, పాతది సగమే చాలని స్టోర్సు ఒప్పుకోవడంతో కొత్త షవర్ ఆర్మ్ వచ్చింది. అట్టపెట్టెలో, నిగనిగలాడే స్టీలుది, దానికి చుట్టడానికి తెల్ల టేపుతో సహా. బిగించడానికి వచ్చిన మనిషి తెర తొలగించి చూశాడు. "ఇక్కడ ఖాళీ లేదు కదండీ, మీరున్నారు" అన్నాడు. మల్లేశ్వరరావు తప్పుకుంటానన్నాడు. రిలీవింగ్ ఆర్డరు లేకుండా తప్పుకుంటే విధి నిర్వహణ వదిలి పారిపోయినట్టు అవుతుందని ఆ మనిషే మర్యాదగా గుర్తుచేశాడు. రిలీవింగ్ ఆర్డరు కావాలంటే కొత్త ఆర్మ్ ముందు ఛార్జి తీసుకోవాలి. ఛార్జి తీసుకోవాలంటే ఖాళీ కావాలి.

వచ్చిన ఆర్మ్‌ను ఊరికే కూర్చోబెట్టడం కుదరదు. ఆఫీసులో మల్లేశ్వరరావు కుర్చీ ఖాళీగా ఉంది కాబట్టి, సర్దుబాటు కింద దాన్ని అక్కడ వేశారు. విజయకుమారి గారు ఈ సంగతి చెప్పడానికి స్వయంగా వచ్చారు.

"ఏమీ అనుకోకండి మల్లేశ్వరరావు గారూ. మీ సీటు బాగానే నడుస్తోంది."

"ఫైళ్ళు కదుల్తున్నాయాండీ?"

"మీరున్నప్పుడు ఎట్లా కదిలాయో అట్లానే."

జనానికి కూడా అది నచ్చింది. టీకి వెళ్ళదు, విసుక్కోదు. ఎప్పుడు చూసినా వంగే ఉంటుంది కాబట్టి పైవాళ్ళకు మరీ నచ్చింది. నాలుగో ఏట ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం దానికే ఇచ్చారు, ఆ తర్వాత ప్రమోషన్ జాబితాలో పేరు వచ్చింది. ఆ కాగితం నకలు ఒకటి మల్లేశ్వరరావుకు కూడా పంపారు. ఝాన్సీ దాన్ని పిండి డబ్బా మీద మూతగా వేసుకుంది.

పోయిన ఆదివారం పొద్దున మోక్షిత బాత్‌రూములోకి వచ్చింది. ఇప్పుడు పదకొండేళ్ళు దాటాయి. మోకాలు కొట్టుకుపోయి రక్తం కారుతోంది. కుళాయి తిప్పి కడుక్కుంటూ, "నాన్నా, సైకిలు వచ్చేసింది నాకు" అంది.

మల్లేశ్వరరావుకు సంతోషం వేసింది, ఎడమచెయ్యి మాత్రం సీటు పట్టుకోబోయినట్టు ముందుకొచ్చింది. "వెనకాల ఎవరు పట్టుకున్నారమ్మా?"

"ఎవరూ పట్టుకోలా. పట్టుకుంటేనే రాదంట నాన్నా. ఊరికే తొక్కేశా, పడ్డా, వచ్చేసింది." మోకాలి మీద ఊదుకుంటూ అంది. "ఇంకోటి నాన్నా. అమ్మ వడియాలు పెడతంటే డాబా ఎక్కా. మన షవర్ పైపు వాల్వు మూసేసి ఉంది."

"ఎప్పట్నుంచి?"

"ఏమో. గట్టిగా తుప్పు పట్టేసింది. దానికి గుడ్డపీలిక కట్టుంది, సుభానీ మామ తలకి చుట్టుకునే గళ్ళ తువ్వాలు ముక్క."

సుభానీ పని తెలిసిన మనిషి. స్టోర్సుకు వెళ్తూ వెళ్తూ, ఎందుకైనా మంచిదని, వాల్వు కట్టేసి వెళ్ళాడు.

"తీసి చూడు నాన్నా" అంది మోక్షిత.

మల్లేశ్వరరావు నాలుగేళ్ళ రెండు నెలల తర్వాత బొటనవేలు తీశాడు. వేలి మీద గుండ్రంగా, తెల్లగా గుంట పడి ఉంది. కన్నంలోంచి చుక్క నీరు రాలేదు. ఒక చీమ బయటికొచ్చి, అటూ ఇటూ చూసుకుని, గోడ వెంట కిందికి దిగిపోయింది. ఇన్నాళ్ళూ లోపల్నుంచి తోస్తున్నట్టు తెలిసిన ఒత్తిడి తన వేలిదేనని ఆయనకు అర్థమైంది.

"రా నాన్నా. నేను తొక్కుతుంటే చూద్దువుగాని" అని చెయ్యి పట్టుకుంది పిల్ల.

ఆయన ఒక అడుగు వేశాడు. తెర దాకా వచ్చాడు. అక్కడ ఆగి, బయటికెళ్తే రేపు పొద్దున ఎక్కడికి వెళ్ళాలా అని ఆలోచించాడు. కుర్చీలో ఆర్మ్ ఉంది. దానికి ప్రమోషన్ కూడా వచ్చింది. గురువారం తనిఖీ ఉంది. కన్నం మీద వేలు లేని క్షణం నుంచి హాజరు పడదు.

"నువ్వు తొక్కుతూ ఉండు తల్లీ. ఐదు నిమిషాల్లో వస్తా" అన్నాడు.

మోక్షిత ఆయన మొహంలోకి చూసింది. చెయ్యి వదిలేసి, మోకాలు తుడుచుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

మల్లేశ్వరరావు వెనక్కి వెళ్ళి బొటనవేలు కన్నం మీద పెట్టాడు. గుంట సరిగ్గా సరిపోయింది. బయట సైకిలు బెల్లు మోగుతూ దూరమవుతోంది. కాసేపటికి గోడ లోపల్నుంచి నీటి ఒత్తిడి మునుపటిలాగే తెలిసింది. ఆయన ఇంకొంచెం గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.