స్తంభన సాధనం నంబరు ఒకటి

బండిని ఆపడానికి లోకంలో రెండే మార్గాలున్నాయి: ఒకటి బ్రేకు, రెండోది దరఖాస్తు. వీటిలో దరఖాస్తే గట్టిదని ఉద్యానవనాల శాఖ దీర్ఘకాల అనుభవం మీద తేల్చింది. (దరఖాస్తు పెట్టాక ముందుకి కదిలిన బండిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.)

పార్కులో గడ్డి కోసే చిన్న ట్రాక్టరుకి ఈ సంగతి తెలియదు. ఇరవై ఆరేళ్ళ ఆ బండి వాలు దిగడం మొదలెట్టిందంటే ఇక ఎవరి మాటా వినేది కాదు. తోటమాలి బ్రేకు పెడల్‌ని నేలకి ఆనేదాకా తొక్కేవాడు. పెడల్ మర్యాదగా కిందికి వెళ్ళేది, బండి మర్యాదగా ముందుకి వెళ్ళేది. అందుకని వాలు చివర, కోసిన గడ్డిని నడుమెత్తు కుప్ప పోసి, బండి ముక్కుని రోజూ అందులో గుచ్చి ఆపేవాడు.

కుప్ప వెనక నాలుగడుగుల్లో అతని వదిన నారుమడి. మూడొందల పూలమొక్కలు. తొమ్మిదేళ్ళుగా ఆమె రోజుకూలీ. ఆ ఏడాది పార్కుకి ఒకే ఒక్క పర్మనెంటు పోస్టు మంజూరైంది. నారు బతికించి చూపిస్తే అది నీదేనని పైవాళ్ళు నోటిమాటగా చెప్పారు.

"మరిదీ, నీ కుప్ప నెలకి జానెడు చొప్పున నా మడి మీదికి నడిచొస్తోంది. దానికి కాళ్ళొచ్చాయా, నీకు కళ్ళు పోయాయా?"

"బ్రేకు అరిగింది వదినా. రాసి పెడతాను. పద్ధతి ప్రకారం బాగు చేయిస్తారు."

"పద్ధతి ప్రకారమా! అయితే మొక్కలకి నీళ్ళు పొయ్యడం మానేసి, నీళ్ళొదిలేసుకుంటాలే."

దరఖాస్తు పెట్టిన నలభై ఒకటో రోజున స్తంభన సాధనాల, అంటే బ్రేకుల, ఉప తనిఖీదారు వచ్చాడు. చేతిలో గళ్ళ ఫారం, చెవిలో పెన్ను. అందరూ ఆయన్ని టిక్కు సారు అంటారు.

"బండి ఆగుతోందా?"

"ఆగుతోంది సారు, కానీ..."

"'కానీ'కి గడి లేదయ్యా. ఆగుతోందా, లేదా?"

"గడ్డికుప్పకి గుద్దుకుని ఆగుతోంది సారు."

"దేనికి గుద్దుకుంటే మనకేం? ఆగిందా లేదా అన్నది ముఖ్యం."

తోటమాలి నడిపి చూపించాడు. టిక్కు సారు టేపు పట్టి కొలిచి, తృప్తిగా ఓ టిక్కు పెట్టాడు. వారం తిరిగేసరికి కుప్పలో బోర్డు పాతారు: స్తంభన సాధనం నంబరు ఒకటి. వెనకే నిబంధనలొచ్చాయి. సాధనం ఎత్తు మూడున్నర అడుగులకు తగ్గరాదు. సాధనముపై కూర్చొనరాదు. సాధనమును మేయుటకు యత్నించిన సిబ్బందిపై కఠిన చర్య తీసుకొనబడును. (ఎవరిని దృష్టిలో పెట్టుకున్నారో చెప్పలేదు.) సాధనం ఆరోగ్యంపై నెలనెలా నివేదిక, మూడు ప్రతులు.

ఈలోగా వానలు పడ్డాయి. సాధనం కుళ్ళింది.

"నీ బ్రేకు ఆవిర్లు కక్కుతోంది మరిదీ. కంపు కూడానూ," అంది వదిన ముక్కు మూసుకుని.

ఆ మధ్యాహ్నమే బండి మెత్తబడ్డ కుప్పని చీల్చుకుంటూ వచ్చి, ముందు చక్రం మడికి జానెడు దూరంలో ఆగింది. వదిన కాసేపు చక్రాన్నీ మొక్కల్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత గోదాములోకి వెళ్ళి స్పానరు తెచ్చింది.

"ఇది పట్టు. దూరు బండి కిందికి."

"అనుమతి లేకుండా ఎలా వదినా..."

"నేనిస్తున్నా. వదినని, ఆపాటి అధికారం లేదూ?"

బండిని చదునుకి తోసి, ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, వెనక చక్రాన్ని జాకీ మీద లేపారు. బ్రేకు ప్యాడ్లు అరిగాయి గానీ ఇంకా పనికొచ్చేంత మిగిలున్నాయి. అసలు దోషం పెడల్‌ని బ్రేకుకి కలిపే రాడ్ చివర నట్టుది. ఏళ్ళ తరబడి బిగించక వదులైపోయింది. తోటమాలి లాక్ నట్టు సడలించి, దాని పక్క నట్టుని అరచుట్టు తిప్పాడు. వదిన పెడల్ నొక్కి చూసింది.

"ఇంకా లోపలికి పోతోంది."

మరో అరచుట్టు. ఈసారి పెడల్ వదిలేసి చక్రం తిప్పబోయింది.

"ఇప్పుడు మొండికేసింది. తొక్కకుండానే పట్టేసింది."

పావు చుట్టు వెనక్కి. చక్రం హాయిగా తిరిగింది. పెడల్ రెండు వేళ్ళ లోతు దిగగానే ఠక్కున ఆగింది. లాక్ నట్టు బిగించి వాలు మీద నడిపితే, బండి కుప్పకి పదడుగుల ముందే నిలబడింది. వదిన చప్పట్లు కొట్టింది. మొత్తం ఇరవై నిమిషాలు. (అందులో పది, స్పానరు వెతకడానికి.)

ఇంతటితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ తోటమాలి ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి. నెల నివేదికలో 'బండి సాధనాన్ని తాకకుండానే ఆగుతోంది' అని రాశాడు, మూడు ప్రతుల్లోనూ.

టిక్కు సారు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఎంత పని చేశావయ్యా! మంజూరైన సాధనం ఖాళీగా కూర్చుంటే నేను పైకి ఏం చెప్పుకోను? ఆ నట్టు మళ్ళీ వదులు చెయ్యి!"

తోటమాలి మొహం పాలిపోయింది. వదిన మాత్రం తొణకలేదు.

"నట్టు జోలికెందుకు సారు? బండి ఆగే చోటికే కుప్పని బదిలీ చెయ్యండి."

'బదిలీ' అన్న మాట చెవిన పడగానే టిక్కు సారు మొహం వెలిగిపోయింది. మర్నాటికల్లా సాధనం బోర్డుతో సహా పదడుగులు పైకి బదిలీ అయింది. మూడొందల మొక్కల్లో ఒక్క రెమ్మ కూడా విరగలేదు. అన్నీ పూశాయి.

నెలాఖరుకి పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. వదిన చేతుల మట్టి దులుపుకుని వచ్చి నిలబడింది. తోటమాలి పైకి చదివాడు.

"'ఏనాడూ సెలవు కోరకపోవుట, ఎదురు మాటాడకపోవుట, బదిలీ చేసిన చోటికి వెంటనే చేరుట దృష్ట్యా...'"

"బదిలీయా? నేనెక్కడికి పోయాను మరిదీ?"

తోటమాలి మిగతాది కళ్ళతోనే చదువుకుని, కాగితం ఆమె చేతికిచ్చాడు. పార్కుకున్న ఒక్క పర్మనెంటు పోస్టులో స్తంభన సాధనం నంబరు ఒకటిని నియమించారు. దాని సంరక్షణ కోసం వదినను రోజుకూలీపై కొనసాగించేందుకు దయతో అనుమతించారు.